హన్మకొండలో టేకు, మామిడి చెట్ల కింద రంగుల తోట పెంచడం ఎట్లా?

మీరడిగింది ఇదీ: రెండు గుంటల జాగా, ఒక పక్క టేకు వరుస, ఇంకో పక్క మూడు పాత మామిళ్లు. కింద గడ్డి కూడా నిలవడం లేదు. నిరుడు పెట్టిన క్రోటన్లు రంగు పోయి ఆకుపచ్చగా మారాయి, మిగతావి మే నెలలో మాడిపోయాయి. క్రోటన్‌కు ఎండ తగలకపోతే రంగు రాదు, అది ఈ జాగా మొక్క కాదు. మాడిపోయినవాటి సంగతి వేరు. మీ దగ్గర రెండు రకాల నీడలున్నాయి, మీరు రెండింటినీ ఒకటే అనుకున్నారు.

మామిడి ఏడాదంతా ఆకుతో ఉంటుంది. టేకు మాత్రం చలికాలంలో ఆకు రాల్చి, వానలు దగ్గరపడేదాకా మోడుగానే ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, నీడ అసలు కావాల్సినప్పుడే, టేకు కింద నీడ దొరకదు. అందుకే అక్కడ ఎండాకాలమంతా భూమిలో నిద్రపోయే దుంపలే పెట్టండి: పసుపు, కలేడియం, ఫుట్‌బాల్ లిల్లీ. నిజామాబాద్, జగిత్యాల చేలల్లో పండే మామూలు పసుపే చాలు. ఆకు జనవరి, ఫిబ్రవరికల్లా ఎండుతుంది, జూన్‌లో కొమ్ము మళ్లీ మొలకెత్తుతుంది. టేకు చిగురుకూ దీనికీ లెక్క సరిగ్గా కుదురుతుంది. ఫుట్‌బాల్ లిల్లీ మే జల్లులు పడగానే ఎర్రటి బంతిలా పూస్తుంది.

కలేడియం దుంపను కన్ను పైకి ఉండేట్టు రెండంగుళాల లోతులో, అడుగుకొకటి పెట్టాలి. చలికి ఆకులు వాలడం మొదలైతే నీళ్లు ఆపేయండి. చచ్చిపోతుందేమోనని ఇంకా పోస్తే దుంప నిజంగానే కుళ్లిపోతుంది. మీది నల్లరేగడి అయితే దుంపలు తవ్వి, పొడి ఇసుకలో దాచుకోవడమే మేలు.

మామిడి కిందకు వెళ్లేముందు ఒక పరీక్ష. మిట్టమధ్యాహ్నం నేల మీద తెల్ల కాగితం వేసి, దానికి అడుగు ఎత్తులో చెయ్యి పెట్టండి. చేతి నీడ మసకగానైనా కనిపిస్తే కోలియస్, రియో, కనకాంబరం వస్తాయి. అసలు నీడే పడకపోతే సింగోనియం, అగ్లోనిమా, స్నేక్ ప్లాంట్ మాత్రమే. లేదంటే కింది కొమ్మలు కొన్ని తీసి వెలుతురు రానివ్వాలి, కానీ ఒకే ఏడాది నాలుగో వంతుకు మించి నరకొద్దు.

రంగు కోసం పూల వెంట పడొద్దు, ఆకును నమ్ముకోండి. చిక్కటి నీడలో ముదురు ఎరుపు దూరానికి నల్లగా కనిపిస్తుంది. లోపలికి తెలుపు, లేత పసుపు, గులాబీ ఆకులు పెట్టి, ఎరుపు, ఊదా అంచులకు తేండి. ఒక్కో రకం గుంపుగా ఉంటేనే అందం. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున్న మడికి రియో తొమ్మిదంగుళాల దూరంలో డెబ్బై మొక్కల దాకా పడుతుంది. కొమ్మ విరిచి నాటినా బతుకుతుంది కాబట్టి పదిహేను కొంటే చాలు.

నాటేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు, ట్రాక్టర్ మట్టి తెచ్చి చెట్టు చుట్టూ అడుగు మందాన పోయడం. వేళ్లకు గాలాడక చెట్టు కొన్నేళ్లలో ఎండుతుంది. రెండంగుళాలు మించొద్దు, మొదలుకు ఆనించొద్దు. గడ్డపారతో వేళ్ల సందుల్లోనే గుంతలు తీయండి. బొటనవేలు లావు వేరు తగిలితే దాన్ని నరక్కుండా గుంతను పక్కకు జరపండి. గుంతలోకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కుళ్లిన ఆకు, గుప్పెడు వేపపిండి. పచ్చిపేడ వేస్తే చెదలు, వేరుపురుగు చేరతాయి.

మృగశిర వానలు పడ్డాక నాటండి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు నీడవలల కింద, తేమలో పెరిగినవి. దింపగానే నాటకుండా పది రోజులు మామిడి కింద కుండీల్లోనే ఉంచాలి. కలాతియా జోలికి మాత్రం పోకండి, మన ఎండాకాలపు పొడిగాలికి దాని ఆకు అంచులు కాలిపోతాయి. బోరునీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కువున్న ఊళ్లలో డ్రాసినా, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు కూడా అట్లాగే మాడతాయి. దాన్ని తెగులనుకుని మందు కొట్టడం దండగ, వాననీళ్లు పట్టుకుని పోయడమే మందు.

మొదటి రెండేళ్లు చెట్టే నీళ్లన్నీ తాగేస్తుంది. పైపుతో పైపైన తడపడం కాదు, డ్రిప్పుతో మెల్లగా లోపలికి దిగేట్టు ఇవ్వాలి, ఎండాకాలంలో నిద్రపోయే దుంపలకు తప్ప మిగతావాటికి రోజు విడిచి రోజు. టేకు ఆకును అట్లాగే పరిస్తే విస్తరిలా నీటిని పక్కకు తోసేస్తుంది. చించి, మూడంగుళాల మందాన వేయండి. వానాకాలంలో నత్తలను పొద్దున్నే ఏరేయాలి. కోలియస్ మీద పిండినల్లి వస్తే నీళ్ల ధారతో కడిగేయండి.

కలేడియం, అగ్లోనిమా ఆకు నమిలితే నోరు మంటెత్తి వాస్తుంది, కాబట్టి చిన్నపిల్లలు, మేకలు తిరిగేవైపు పెట్టకండి. ఆకు పరుపులో పాములు కూడా చేరతాయి, నడిచే దారి మూడడుగుల వెడల్పున ఎప్పుడూ ఊడ్చి ఉంచండి.