సైన్స్ పుస్తకాన్ని వెనక నుంచి తెరువు

చి॥ మాధవికి,

కాలేజీ పత్రికకు సైన్స్ పుస్తకం మీద సమీక్ష రాయాలి, ఎలా ఎంచుకోవాలి అని అడిగావు. అట్ట మీది పొగడ్తలు వదిలేసి పుస్తకాన్ని వెనక నుంచి తెరువు. ఏ మాటకు ఏ పరిశోధన ఆధారమో చెప్పే పట్టిక అక్కడుండాలి. అది లేని పుస్తకాన్ని సరదాగా చదువుకో, సమీక్షకు మాత్రం వద్దు. తవ్వి చూడటానికి నీకేమీ దొరకదు.

తర్వాత ముద్రణ వివరాల పేజీ. పునర్ముద్రణ సంవత్సరం చూసి కొత్త పుస్తకం అనుకోకు. మూలం మొదట ఎప్పుడు వచ్చిందో వెతుకు, అనువాదమైతే మరీను. విశ్వం వ్యాపించే వేగం పెరుగుతోందని తేలింది 1998లో. 1988 నాటి పుస్తకంలో అది ఉండదు. ఆ లోటు రచయిత మీద వేస్తే తప్పు నీదవుతుంది.

కొనేముందు, పాఠాల్లో నీకు బాగా వచ్చిన విషయం మీది అధ్యాయం ఒకటి చదువు. తెలిసిన చోటే తడబడుతుంటే తెలియని చోట ఏం నమ్ముతాం?

పుస్తకమంతా పరీక్షించడం నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. నిన్ను బాగా ఆశ్చర్యపరిచిన ఒక్క వాదన పట్టుకో. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' (2011) నాలుగో అధ్యాయమే చూడు. ముసలితనాన్ని గుర్తుచేసే మాటలతో వాక్యాలు కూర్చిన విద్యార్థులు ఆ తర్వాత నెమ్మదిగా నడిచారట. 1996 నాటి ఆ ప్రయోగంలో ఉన్నది 30 మంది, రెండోసారి చేసినప్పుడు ఇంకో 30. 2012లో బెల్జియంలో 120 మందితో చేసి, నడకను ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లతో కొలిస్తే తేడా కనబడలేదు. 'వీళ్ళు నెమ్మదిగా నడుస్తారు' అని ప్రయోగం నడిపేవాళ్ళకు ముందే నూరిపోసినప్పుడు మాత్రం కనబడింది! 1996 నాటి ప్రయోగం లాంటివాటి ఫలితాలను నమ్మక తప్పదని పుస్తకంలో రాసిన కానమనే, చిన్న అధ్యయనాలను అతిగా నమ్మానని 2017లో ఒప్పుకున్నారు.

అందుకే ప్రతి ప్రయోగం పక్కన రాసుకో: ఎంతమంది, ఎలాంటివాళ్ళు, ఎలా కొలిచారు, వేరేవాళ్ళు చేస్తే వచ్చిందా. శాతాలు కనబడితే 'దేని మీద?' అని అడుగు. వందలో అయిదుగురికి వచ్చే జబ్బు 18 శాతం పెరిగిందంటే ఇరవై ముగ్గురికి వస్తుందని కాదు, దాదాపు ఆరుగురికి.

సమీక్ష 600 మాటలైతే సారాంశం 150 దాటనివ్వకు. చాలామంది అక్కడే చెడతారు, అధ్యాయాల వరసంతా అప్పజెప్పి చివర 'అందరూ చదవదగ్గది' అని ముగిస్తారు. సగం చోటు నువ్వు తవ్విన ఆ ఒక్క వాదనకివ్వు. శైలి బాగుందన్న మాట, ఆధారం బలహీనమన్న మాట వేరువేరుగా చెప్పు. ఒక అధ్యాయం కూలిందని పుస్తకాన్నంతా చెత్తబుట్టలో వేయకు. కానమన్ పుస్తకంలోనే నష్టభయం (అంతే లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం ఎక్కువ బాధించడం) గురించి చెప్పిన భాగానికి ఆధారాలు ఇంతకంటే గట్టివి.

చిత్తుప్రతి అయ్యాక పంపు. ఉటంకింపుల పక్కన పేజీ నంబర్లు వేయడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
పెద్దమామయ్య