కొత్త ఇంటికి స్మార్ట్ సామాను కొంటున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నిజాంపేట ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయిపోయిందని, లోపల వుడ్‌వర్క్ మొదలైందని చెప్తుంటే కాసేపు నాకు మాట రాలేదు. మన ఇంటి ఆడపిల్ల తన జీతంతో, తన పేరు మీద ఇల్లు కొనడం ఇదే మొదలు. మీ నాన్న ఉంటే ఆ కాగితాలు పట్టుకుని చుట్టాలందరి ఇళ్ళకీ తిరిగేవాడు. నేను మీ పిన్నిని నిద్ర లేపి మరీ చెప్పాను.

ఆ తర్వాత వదిన మిగతా సంగతులు చెప్పింది. తలుపు ఫోన్‌తోనే తెరుచుకుంటుందట, తాళంచెవితో పనే ఉండదట. గోడ మీద స్విచ్చులు తీసేసి గాజు ప్యానెళ్ళు పెడతారట. ఫ్యాన్లు, లైట్లు, గీజరు, కర్టెన్లు అన్నీ ఒకే కంపెనీ యాప్‌లో ఉంటాయట. హాల్లో ఒక కెమెరా, ఆవిడ పడుకునే గదిలో ఇంకొకటి. నువ్వు ఆన్‌సైట్ వెళ్ళినా అమ్మని అక్కడినుంచే చూసుకోవచ్చన్నావట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. విశాఖలో ఇళ్ళకి వైరింగ్ చేయిస్తూ బతికినవాణ్ణి. ఈ మధ్య ఇలాంటి సామానే బిగిస్తున్నాను, పాడైతే నేనే ఊడదీస్తున్నాను. అందుకే రాస్తున్నాను, విసుక్కోకుండా చివరిదాకా చదువు.

వద్దని చెప్పడానికి రాయట్లేదు. మోకాళ్ళు పట్టేసిన మనిషికి మంచం మీంచి లేవకుండా ఫ్యాన్ ఆపగలగడం ఎంత సుఖమో నాకు తెలుసు. నా మాట ఒక్కటే. ఏ పని ఆగిపోతే మీ అమ్మకి ఇబ్బందో ఆ పని ఇంటర్నెట్ లేకుండా కూడా జరగాలి. తలుపు, లైటు, ఫ్యాను, వేణ్ణీళ్ళు, ఈ నాలుగూ ముందు చూడు. కర్టెన్లు ఎలా ఏడ్చినా పర్లేదు.

"హాల్లో లైట్ వెయ్యి" అని నువ్వు స్పీకర్‌తో అన్నప్పుడు ఏం జరుగుతుందో సాఫ్ట్‌వేర్ చదివిన నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాట ఇల్లు దాటి, ఊరు దాటి, ఎక్కడో కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, అక్కడ అర్థం చేసుకున్నాక మళ్ళీ వెనక్కి వచ్చి నీకు రెండడుగుల దూరంలో ఉన్న బల్బుని వెలిగిస్తుంది. 2025 అక్టోబర్ 20న అమెరికాలోని వర్జీనియాలో చాలా కంపెనీలు అద్దెకి వాడుకునే అమెజాన్ క్లౌడ్ సర్వర్లు దెబ్బతింటే రింగ్ కెమెరాలు, అలెక్సా స్పీకర్లు చాలామందికి పనిచెయ్యలేదు. ఎయిట్ స్లీప్ అని, నెట్‌తో నడిచే పరుపులు అమ్మే కంపెనీ ఒకటుంది. ఆ రోజు పైకి లేచిన మంచాలు కిందికి దిగక, వేడి తగ్గక జనం అవస్థ పడ్డారు. 2021 డిసెంబర్ 7న కూడా అక్కడే దెబ్బతింది, అప్పుడు ఇల్లు ఊడ్చే రూంబాలు కూడా మొరాయించాయి.

అవి కొన్ని గంటల కష్టాలు. కంపెనీయే చేతులెత్తేస్తే? రివాల్వ్ అని 300 డాలర్ల హబ్, అంటే ఇంట్లో స్మార్ట్ సామానంతా కలిపి నడిపే పెట్టె, ఉండేది. 2014లో గూగుల్ వాళ్ళ నెస్ట్ కంపెనీ దాన్ని కొనేసింది, 2016 మే నెలలో సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్న పెట్టె ఇంట్లోనే ఉంది, పని మాత్రం చెయ్యదు. అలాంటి హబ్‌లే అమ్మిన వింక్ అనే కంపెనీ 2020లో నెలకి 4.99 డాలర్లు కట్టకపోతే సర్వీస్ ఉండదంది, అది కూడా వారం గడువిచ్చి. స్మార్ట్ స్విచ్చులు అమ్మే ఇన్‌స్టియాన్ అయితే 2022 ఏప్రిల్‌లో ఒక్క మాట కూడా చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. తర్వాత వాడుతున్నవాళ్ళలోనే కొందరు కలిసి దాన్ని కొని నిలబెట్టారు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. యాప్ చచ్చిపోయినా ఆ ఇళ్ళలో గోడ స్విచ్చులు నొక్కితే లైట్లు వెలిగాయి, ఇంట్లోనే చిన్న కంప్యూటర్ పెట్టుకుని దాంతో నడిపించుకున్నవాళ్ళకి పెద్ద తేడా తెలియలేదు. సర్వర్ మీదే పూర్తిగా ఆధారపడ్డవాడు డబ్బు కట్టి సొంతం చేసుకున్నా అద్దెకున్నట్టే, ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో తెలియదు.

ఇక తలుపు సంగతి. దీని గురించి నేను ఎక్కువ చెప్తాను, తప్పదు.

ఎంవీపీ కాలనీలో మా స్నేహితుడి ఇల్లు గుర్తుందా? నువ్వు చిన్నప్పుడు పనస తొనలు తిని కడుపునొప్పి తెచ్చుకున్న ఇల్లు. వాళ్ళబ్బాయి డాలస్ నుంచి వచ్చినప్పుడు తలుపుకి ఫోన్ తాళం బిగించి వెళ్ళాడు. కంపెనీ పేరు ఇప్పుడు అనవసరం. అంకెలు నొక్కే కీప్యాడ్ లేదు, వేలిముద్ర లేదు, యాప్ ఒక్కటే. తాళంచెవి పెట్టే రంధ్రం ఒక మూత కింద ఉంది. చెవులు రెండిచ్చారు. పనిమనిషి చేతికి చిక్కకూడదని మావాడు ఆ రెండూ బీరువాలో పెట్టాడు. ఒకటి మా ఇంట్లో ఉంచరా అంటే, "దాని అవసరం లేకుండా చెయ్యడానికేగా ఇదంతా" అన్నాడు. డబ్బు కట్టింది కొడుకు కాబట్టి ఖాతా కొడుకు పేరు మీదే తెరిచారు. ఒక్కొక్కటీ విడిగా చూడు, ఏదీ తెలివితక్కువ పని కాదు.

ఒక రాత్రి మొగుడూ పెళ్ళాం శ్రీకాకుళంలో పెళ్ళి చూసుకుని వచ్చారు. యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంది. ఆపి మళ్ళీ తెరిచాడు. అది ఇతన్ని బయటికి నెట్టేసి మళ్ళీ లాగిన్ అవమంది, కోడ్ కొడుకు నంబరుకి పంపానంది. కొడుకు విమానంలో ఉన్నాడు. ఆవిడకి షుగర్, రాత్రి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ తలుపవతల ఉంది. పక్కింటివాళ్ళు కుర్చీలేశారు, మంచినీళ్ళిచ్చారు. నాకు ఫోన్ వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఈలోగా కొడుకు విమానం దిగాడు, వాడి ఫోన్‌లోనూ తెరుచుకోలేదు. ఆ రాత్రి కంపెనీ సర్వరే పడిపోయిందట. కస్టమర్ కేర్‌లో మనిషి లేడు, "మీ ఓపికకు ధన్యవాదాలు" అని మెసేజ్ మాత్రం వస్తోంది.

నేను డ్రిల్లు పట్టుకుని వెళ్ళాను. అది వాళ్ళ నాన్న చేయించిన టేకు తలుపు. తాళం చుట్టూ నేను కోస్తుంటే మావాడు అటు తిరిగి నిలబడ్డాడు. లోపలికి వెళ్ళాక ఆవిడకి ఇంజక్షన్ ఇచ్చారు గానీ అప్పటికే షుగర్ బాగా పెరిగిపోయింది, తెల్లారి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. కొన్ని నెలల తర్వాత ఆ కంపెనీ ఆ తాళానికి సర్వీసే ఎత్తేసింది. ముందే ఈమెయిల్ పెట్టారట, కొడుకు మెయిల్‌కి. అతను చూడలేదు. ఇంట్లో ఉన్న ముసలివాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

అందుకే చెప్తున్నాను తల్లీ, తాళం కొనేముందు మూడు చూడు. తాళంచెవి ఉండాలి. నెట్ లేకపోయినా పనిచేసే వేలిముద్రో అంకెలో ఉండాలి. లోపలి బ్యాటరీ అయిపోతే బయటినుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించో, యూఎస్‌బీ వైరు పెట్టో తెరిచే వీలుండాలి. ఈ మూడూ ఉన్న తాళాలు మన దగ్గర మామూలుగానే దొరుకుతాయి. ఒక చెవి మీ అమ్మ కొంగుకి ముడేసుకోవాలి, ఒకటి నమ్మకమైన పక్కింటివాళ్ళ దగ్గర ఉండాలి. మూడోది కూకట్‌పల్లిలో మీ మేనత్త దగ్గర పెట్టినా సరే, బీరువాలో మాత్రం పెట్టకు. లోపలినుంచి చేత్తో తిప్పితే తెరుచుకునే గడియ తప్పనిసరి. పొగ కమ్మితే మీ అమ్మ ఫోన్ కోసం వెతుక్కోకూడదు.

నీకు చాదస్తంగా అనిపించొచ్చు. నేను హుద్‌హుద్ చూసినవాణ్ణి. 2014 అక్టోబర్ 12 మధ్యాహ్నానికి విశాఖలో స్తంభాలు పడిపోయాయి, సెల్ టవర్లు మూగబోయాయి. కరెంటు రావడానికి కొన్ని వీధులు రోజుల తరబడి చూశాయి. మీ నాన్న హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి చేసి, కలవక, బస్సెక్కి వచ్చేశాడు. గేటు దగ్గర నన్ను చూసి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత తిట్టాడు. హైదరాబాద్‌కి తుఫాను రాదులే అనుకోకు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే స్తంభాలకి వేలాడుతున్న కేబుళ్ళు కత్తిరించడం మొదలుపెట్టారు, చాలా కాలనీల్లో ఇంటర్నెట్ పోయింది. తుఫానూ లేదు, కంపెనీ తప్పూ లేదు, అయినా నెట్ లేదు. అలాంటి రోజు నువ్వు విదేశంలో ఉండి యాప్‌లో "డివైస్ ఆఫ్‌లైన్" అని చూస్తే నీకెంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించు. మీ అమ్మకి యాప్ కాకుండా మామూలు ఫోన్ చేసుకునే దారి, పక్కింటివాళ్ళ నంబరు, వాచ్‌మెన్ నంబరు నీ దగ్గర ఉండాలి.

ఇప్పుడు కోప్పడతాను. వదిన గదిలో కెమెరా పెట్టకు. అవసరమైతే హాల్లో, తలుపు వైపు తిప్పి పెట్టు. ఆవిడ చీర మార్చుకునే గది అది, పూజ చేసుకుంటూ మీ నాన్న ఫోటోతో మాట్లాడుకునే గది అది. నాతో చెప్తున్నప్పుడు "పిల్ల నా మంచికే కదా" అంది, ఆ గొంతులో ఇష్టం లేదు. నిన్ను నొప్పించడం ఇష్టం లేక ఊరుకుంది. ఆ వీడియో నీ ఒక్కదాని ఫోన్‌కే వస్తుందనుకుంటున్నావు. రింగ్ ఉద్యోగులు జనం ఇళ్ళ లోపలి వీడియోలు చూశారని 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు పెడితే, ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ కెమెరాలవాళ్ళ సర్వర్లు పడి లేచాక, దాదాపు 13,000 మందికి వేరేవాళ్ళ ఇళ్ళ బొమ్మలు కనిపించాయి. ఎవరో కావాలని చేసిన దొంగతనం కూడా కాదది, సర్వర్‌లో తికమక, అంతే. ఆవిడ పడిపోతే ఎలా తెలుస్తుందని నీ భయం. ఆ భయం నాకూ ఉంది. మెడలో వేసుకుని నొక్కే బటన్లు ఉన్నాయి, సిమ్‌తో పనిచేసేవి కూడా దొరుకుతాయి. బాత్రూంలో పట్టుకునే కడ్డీలు వేయించు, జారని టైల్స్ వేయించు. కెమెరా పడిపోవడాన్ని చూపిస్తుంది, కడ్డీ పడిపోకుండా ఆపుతుంది.

హాల్లో పెట్టే కెమెరా లోపల మెమరీ కార్డులోగానీ ఇంట్లోని రికార్డర్‌లోగానీ దాచుకునేది తీసుకో. వేరే వేరే కంపెనీల కెమెరాలూ రికార్డర్లూ కలిసి పనిచెయ్యడానికి ఓఎన్‌విఐఎఫ్ అని ఒక ఉమ్మడి పద్ధతి ఉంది, దానికి పనికొస్తుందా అని అడుగు. పనికొస్తే కంపెనీ మారినా కెమెరా మిగులుతుంది. పాస్‌వర్డులు మార్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ పాస్‌వర్డు మార్చని కెమెరాల్లోకే దూరింది. ఈ సామానుకి వేరే వైఫై పేరు పెట్టు, నీ ఆఫీస్ ల్యాప్‌టాప్ ఉన్న దాంట్లో కలపకు.

స్విచ్చులు పీకించకు. ఇది ఇంకా గోడల పని జరుగుతుండగానే చెప్పగలిగాను, అదృష్టం. గోడలో పెట్టెలు లోతుగా వేయించమను, ప్రతి పెట్టెలోకీ న్యూట్రల్ వైరు లాగమను. అప్పుడు మామూలు స్విచ్ అలాగే ఉంచి వెనక చిన్న రిలే మాడ్యూల్, అంటే యాప్ చెప్తే కరెంటు కలిపి తీసే చిన్న పెట్టె, పెట్టొచ్చు. యాప్ ఉంటే యాప్, లేకపోతే చెయ్యి. గీజరుకి 16 ఆంప్స్ మోసేదే పెట్టాలి, లైట్లకి పెట్టే చిన్నది పెడితే మాడిపోతుంది. ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. కరెంటు పోయి వచ్చాక గీజరు ఆఫ్‌లోనే ఉండేలా సెట్టింగ్ పెట్టాలి. కొన్ని మాడ్యూల్స్ వాటంతటవే ఆన్ అవుతాయి.

హబ్ కావాలంటే జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతితోనో, వేరే వేరే కంపెనీల సామాను కలిసి పనిచెయ్యడానికి 2022లో వచ్చిన మ్యాటర్ అనే పద్ధతితోనో ఇంట్లోనే మాట్లాడుకునే సామాను చూడు. పెట్టె మీద మ్యాటర్ ముద్ర ఉంది కదా అని కళ్ళు మూసుకుని కొనకు, నెట్ తీసేస్తే ఏమేం పనిచేస్తాయో షాపులోనే చేసి చూపించమను. ఇంట్లోని చిన్న కంప్యూటర్‌లోనే ఇదంతా నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నువ్వే పెట్టుకోగలవు, నాకు తెలుసు. కానీ అది కూడా పాడవుతుంది, మెమరీ కార్డు చచ్చిపోతుంది. బ్యాకప్ తీసి పెట్టు. నువ్వు ఊళ్ళో లేనప్పుడు ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకో. ఖాతాలో మీ అమ్మ నంబరు కూడా రెండో యజమానిగా చేర్చు. రౌటరుకి ఇన్వర్టర్ కనెక్షన్ ఇవ్వు, అపార్ట్‌మెంట్ కింద ఉండే నెట్ పెట్టెకి బ్యాకప్ ఉందో లేదో కూడా కనుక్కో, అది లేకపోతే నీ ఇన్వర్టర్ ఉండి లాభం లేదు.

అన్నీ బిగించాక ఒక సాయంత్రం రౌటరు ఆపేసి, నీ ఫోన్ పక్కన పెట్టి, మీ అమ్మ ఒక్కతే ఇంట్లో తిరగనివ్వు. తలుపు తీసి వెయ్యమను, స్నానానికి నీళ్ళు పెట్టుకోమను, ఫ్యాన్ వేసుకోమను. నువ్వు నోరు మెదపకూడదు. ఎక్కడ ఆగిపోతే అక్కడ మనం సరిచేద్దాం.

గృహప్రవేశానికి వారం ముందే నేనూ మీ పిన్నీ వచ్చేస్తాం. ఈలోగా గోడలకి పుట్టీ పెట్టకముందే స్విచ్ పెట్టెలన్నీ ఫోటోలు తీసి పంపించు, లోపలి వైర్లు కనబడాలి. మీ ఎలక్ట్రీషియన్ నంబరు కూడా పంపు, నేను మర్యాదగానే మాట్లాడతాను. తాళానికి అడ్వాన్స్ ఇచ్చావేమో, ఇస్తే మోడల్ నంబరు ఈ రాత్రికే పెట్టు. మారుస్తారేమో అడుగుదాం.

నీ
బాబాయి