గూగుల్‌లో 3,600, స్టేట్‌మెంట్‌లో 4,448

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నానండి. పెళ్లి ఫోటోలు కస్టమర్లకి ఆన్‌లైన్‌లో చూపించడానికి ఒక ఫారిన్ కంపెనీ దగ్గర ఏడాది ప్లాన్ తీసుకున్నా. సైట్‌లో 40 డాలర్లు అని ఉంది, గూగుల్‌లో కొడితే ఆరోజు డాలర్ 90, అంటే 3,600 కదా అని క్రెడిట్ కార్డు నంబర్ కొట్టేశా. ఓటీపీ కూడా అడగలేదు, 4,262 అయినట్టు మెసేజ్ వచ్చేసింది. సరేలే అనుకుంటే స్టేట్‌మెంట్‌లో 4,271.60 పడింది, దాని కింద 149.51 ఒకటి, 26.91 ఇంకోటి, మొత్తం 4,448. బ్యాంకుకి ఫోన్ చేస్తే కంపెనీని అడగమంటారు, కంపెనీకి మెయిల్ పెడితే మేం డాలర్లే తీసుకున్నాం అంటారు. మరి ఆ 848 రూపాయలు ఎవరు తిన్నట్టు?

జవాబు: ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి సగం వాళ్లు చెప్పారంతే. మన మిర్చి యార్డులో క్వింటా రేటు ఒకటి పలుకుతుంది, కమీషనూ హమాలీ కాటా కూలీ తీసేశాక పట్టీలో ఇంకోటి ఉంటుంది చూశారూ, ఇదీ అదే, కాకపోతే ఇక్కడ తీసెయ్యరు, మీద వేస్తారు.

ముందు పెద్ద ముక్క చూద్దాం. సైట్‌లో మొదటి పేజీలో పెట్టే రేటు చాలాసార్లు ట్యాక్స్ లేకుండా ఉంటుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పట్నుంచీ, మన దేశంలో జీఎస్టీ నంబర్ లేని మామూలు జనానికి ఆన్‌లైన్ సర్వీసులు అమ్మే ఫారిన్ కంపెనీ 18 శాతం వసూలు చేసి మన ప్రభుత్వానికి కట్టాలి. మీ 40 డాలర్లు అక్కడే 47.20 అయ్యాయి. ఆ సంగతి చెకౌట్ పేజీలో చిన్నక్షరాలతో ఉండే ఉంటుంది, మనం కంగారులో కిందకి లాగేసి పే నొక్కేస్తాం. మీ 848లో దాదాపు 650 ఈ ట్యాక్స్‌దే, అంటే బ్యాంకుని తిట్టుకోవాల్సింది మీరు అనుకున్నంత లేదు.

మీ స్టూడియోకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో రాయలేదు. ఉంటే అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆ నంబర్ ఇవ్వండి, అప్పుడు కంపెనీ ట్యాక్స్ వెయ్యదు, ఆ 18 శాతం మీరే రివర్స్ చార్జ్ కింద (అమ్మేవాడి బదులు కొన్నవాడే ప్రభుత్వానికి) కట్టి, తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. కాంపొజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం జీఎస్టీ కట్టే పద్ధతి) ఉంటే మాత్రం కట్టడం తప్పదు, క్రెడిట్ రాదు. మీ అకౌంటెంట్‌ని ఒకసారి అడిగి చెయ్యండి.

ఇక రేటు. గూగుల్ చూపించేది బ్యాంకులూ బ్యాంకులూ పెద్ద మొత్తాల్లో కొనుక్కునే, అమ్ముకునే రేట్ల మధ్య రేటు, మనలాంటోళ్లకి ఆ రేటు ఎవరూ ఇవ్వరు. కార్డు గీకితే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ వాళ్ల రేటు పడుతుంది, అదీ మీరు కొన్న నిమిషంలోది కాదు, లావాదేవీ సెటిల్ అయిన రోజుది. అందుకే మెసేజ్‌లో 4,262 ఉంటే స్టేట్‌మెంట్‌లో 4,271.60 అయింది, ఈ మధ్యలో రూపాయి బలపడి ఉంటే మీకు ఓ పది తగ్గేది కూడా. ఈ రెండు నెట్‌వర్కుల వెబ్‌సైట్లలోనూ కాలిక్యులేటర్ ఉంటుంది, తేదీ, కరెన్సీ, బ్యాంకు ఫీజు శాతం కొడితే ఎంత పడుతుందో చెప్తుంది, గూగుల్ బదులు అది చూస్కోండి.

149.51 అనేది మీ బ్యాంకు వేసిన ఫారిన్ కరెన్సీ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కట్టినందుకు తీసుకునే ఫీజు, 4,271.60 మీద మూడున్నర శాతం. మన దగ్గర చాలా కార్డులకి ఇది 2 నుంచి 3.5 మధ్య ఉంటుంది. ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అదే మీ 26.91. ట్యాక్స్ కట్టిన డబ్బు మీద ఫీజు, ఆ ఫీజు మీద ట్యాక్స్, ఒళ్లు మండేదే గానీ రూలు ప్రకారమే ఉంది. ఏడాదికోసారి 40 డాలర్లయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, నెలనెలా నాలుగైదు ఫారిన్ సాఫ్ట్‌వేర్లకి కట్టేవాళ్లయితే మార్కప్ తక్కువున్న కార్డో అసలు లేని కార్డో చూస్కోవడం మంచిది, దాని వార్షిక ఫీజు ఎంతో కూడా కనుక్కొని.

వచ్చే ఏడాది రెన్యువల్‌కి ఇదే 4,448 అనుకోకండి, అప్పటి రేటు ఏదైతే అది. 2021 అక్టోబర్ నుంచి ఉన్న రూలు ప్రకారం ఆటో డెబిట్‌కి ముందు ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి కట్ చేసుకోడానికి మీరిచ్చే ముందస్తు అనుమతి) పెట్టుకోవాలి, డబ్బు కట్ అవ్వడానికి 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి, వద్దనుకుంటే అప్పుడే ఆపేయొచ్చు. ఓటీపీ అడగని ఫారిన్ సైట్లలో ఇది ఎప్పుడూ సవ్యంగా జరుగుతుందని నమ్మకం పెట్టుకోకండి. కార్డు యాప్‌లో ఇంటర్నేషనల్ స్విచ్ ఉంటుంది కదా, పనైపోగానే ఆఫ్ చేసేయండి.

ప్రశ్న: మాది విజయవాడ పటమట. అమ్మాయి ఎమ్మెస్‌కి అప్లికేషన్లు పెడుతోంది. ఒక యూనివర్సిటీ ఫీజు 100 డాలర్లు, కట్టే దగ్గర డాలర్లలో కడతారా, రూపాయల్లో 9,450 కడతారా అని అడిగింది. రూపాయలైతే ఫారిన్ చార్జీలు ఉండవు కదా అని అదే నొక్కాను. తీరా చూస్తే బ్యాంకు మళ్లీ 94.50 ప్లస్ 17.01 వేసింది. రూపాయల్లో కట్టినా ఇదేంటండీ?

జవాబు: ఆ రూపాయల ఆప్షన్‌ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. మార్చే పని మీ కార్డు నెట్‌వర్క్ కాకుండా అమ్మేవాడి తరఫు వాళ్లు చేస్తారు, వాళ్ల లాభం రేట్లోనే కలిపేస్తారు, మీకు డాలర్ 94.50 చొప్పున పడిందన్నమాట. బిల్లు రూపాయల్లో ఉన్నా వ్యాపారి విదేశంలో రిజిస్టర్ అయ్యాడు కాబట్టి చాలా బ్యాంకులు దీనిక్కూడా 1 శాతం చార్జీ, దానిమీద జీఎస్టీ పెట్టాయి. మీకు మొత్తం 9,561 అయింది. అదే డాలర్లలో కట్టి ఉంటే, నెట్‌వర్క్ రేటు 90.50 అనుకుంటే, మూడున్నర శాతం కార్డు మీద 9,424, రెండు శాతం కార్డు మీద 9,264 దగ్గర తేలేది.

ఎప్పుడూ డాలర్లే నొక్కండి అని చాలామంది చెప్తారు, నేనైతే అలా గుడ్డిగా చెప్పను. వాడు చూపించిన రూపాయల్ని డాలర్లతో భాగించండి, వాడి రేటెంతో తెలిసిపోద్ది. మీది మూడున్నర శాతం కార్డయితే వాడి రేటు నెట్‌వర్క్ రేటుకంటే 3 శాతం లోపు ఎక్కువుంటే రూపాయలే నయం, దాటితే డాలర్లు. రెండు శాతం కార్డయితే ఆ తేడా 1 శాతం దాటగానే డాలర్లకి వెళ్లిపోవచ్చు.

ఎలాగూ ఈ దారిలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. అమెరికాలో సీటొచ్చి ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే, స్టూడెంట్ వీసాకి కావాల్సిన పత్రం) చేతికొచ్చాక సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డుల కోసం అమెరికా ప్రభుత్వం తీసుకునేది) 350 డాలర్లు కట్టాలి, మూడున్నర శాతం కార్డుతో దాని మీద మార్కప్పూ జీఎస్టీ కలిపి 1,300 దాకా పోతుంది, ఈలోపు మంచి కార్డు చూస్కోడానికి టైముంది. వీసా ఫీజు 185 డాలర్లు మాత్రం ఇక్కడ రూపాయల్లోనే తీసుకుంటారు, ఆ లెక్క అమెరికా కాన్సులేట్ వాళ్లు పెట్టుకున్న కాన్సులర్ రేటు ప్రకారం, మార్కెట్ రేటుతో పోల్చుకుని కంగారు పడకండి.

ప్రశ్న: నాది రివర్స్ కేసు. గుంటూరు లక్ష్మీపురం నుంచి. 60 డాలర్ల ఆన్‌లైన్ కోర్సు కొంటే 5,400 పోతాయనుకున్నా, 3,700 దగ్గరే కట్ అయ్యింది. కంపెనీ సిడ్నీలో ఉందట. పొరపాటున తక్కువ తీసుకున్నారేమో, చెప్పాలా? ఇంకోటి, కోర్సు నచ్చకపోతే డబ్బు వాపసు అంటున్నారు, మొత్తం వస్తుందా?

జవాబు: మీ నిజాయితీకి దండం గానీ చెప్పక్కర్లేదండీ. ఎస్ మీద గీత గీసిన గుర్తు అమెరికా ఒక్కదానిదే కాదు, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్, హాంకాంగ్, న్యూజిలాండ్ డాలర్లకీ అదే గుర్తు. మీరు కట్టింది ఆస్ట్రేలియా డాలర్లు, అమెరికా డాలర్ కంటే బాగా చౌక. చెకౌట్ పేజీలో అంకె పక్కన ఏయూడీ అనో యూఎస్‌డీ అనో మూడక్షరాలు ఉంటాయి, కొనేముందు అవి వెతకండి, ఎందుకంటే ఈసారి మీకు కలిసొచ్చింది గానీ పౌండ్లో యూరోలో అయితే ఉల్టా అవుతుంది.

వాపసు సంగతంటారా, కంపెనీ 60 డాలర్లూ ఇచ్చేస్తుంది, కానీ అవి మీ కార్డుకి చేరిన రోజు రేటుకి రూపాయలవుతాయి, కట్టినదానికంటే కాస్త ఎక్కువ రావచ్చు, తక్కువా రావచ్చు. బ్యాంకు వేసిన మార్కప్పూ దాని జీఎస్టీ మాత్రం సాధారణంగా వెనక్కి ఇవ్వరు, మీ కేసులో మూడున్నర శాతం కార్డయితే అవి ఓ 146 రూపాయలుంటాయి. అంతకంటే బాగా తేడా వస్తే కంపెనీ పంపిన రిఫండ్ మెయిల్లో 60 పూర్తిగా ఉందో లేదో ముందు చూసి, అది సరిగ్గా ఉంటేనే బ్యాంకులో కంప్లైంట్ పెట్టండి.