తెల్ల అంబాసిడర్, శివారు పొలాలు

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

పేపర్లో చేరావనీ, ఈ ఎన్నికల్లో అభ్యర్థుల గురించి రాస్తావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఊరంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు అఫిడవిట్ చదువు. ఆస్తులు, అప్పులు, కేసులు అందులోనే ఉంటాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా తప్పు ఒకటి మాత్రం నీకు తెలియదు. తొంభైల చివర్లో, నేనూ విలేకరిగా ఉన్నప్పుడు, మా ఎమ్మెల్యేకి పక్క టౌన్‌లో చిన్నిల్లు ఉందని తెలిసింది. ఎదురుగా కిళ్లీకొట్టు దగ్గర రెండు రోజులు కాపు కాసి, ఆయన తెల్ల అంబాసిడర్ ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి పోయిందో రాసుకున్నాను. అదే వారం శివారు ఆయకట్టు రైతులు అర్జీ పట్టుకొచ్చారు. ఒకాయన సంచిలోంచి ఎండిన వరి దుబ్బు తీసి నా బల్ల మీద పెట్టాడు. "రేపు రండి" అన్నాను. పైన తూముల నీళ్లు ఎవరి చేపల చెరువులకు పోతున్నాయో అప్పుడే అడగాల్సింది. నా వార్త పడింది, టీకొట్లలో నవ్వుకున్నారు, ఎమ్మెల్యే మళ్లీ గెలిచాడు. ఆవిడ కొడుకు మాత్రం బడి మానేశాడు.

అలాగని నాయకుడి సొంత బతుకు జోలికి పోవద్దనను. ఆ కారుకి సర్కారు డబ్బుతో పెట్రోలు పోశారా, ఆవిడ తమ్ముడికి కాంట్రాక్టు దక్కిందా, ఆవిడ ఇష్టపడే ఉందా? ఇవేవీ నేను అడగలేదు. టైము రాసుకున్నాను, అంతే.

1993లో ఎన్టీఆర్ రెండో పెళ్లి చేసుకుంటే నేనూ మొహం చిట్లించాను. మరుసటి ఏడు ఓటేసిన ఆడవాళ్లు చాలామంది ఆ పెళ్లిని కాదు, మద్యనిషేధం మాటను చూశారు. ఆ నిషేధం 1997లో పోయిందనుకో. అంతకుముందు ఆయన ప్రభుత్వమే ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లో చట్టం తెచ్చింది. అది వెనక్కి వెళ్లి 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించింది. ఆ రోజుకి పెళ్లి కాలేదు గనకే మీ అమ్మకి తాతల నాటి పొలంలో భాగం వచ్చింది. నీ చదువు ఫీజులు ఆ పొలానివే. నా వాటా తగ్గిందని అప్పట్లో ఆయన్ని తిట్టుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, మీ అమ్మకి చెప్పకు.

రాత్రి సభల నుంచి ఎవరి బండి దొరికితే దానిమీద వచ్చేస్తున్నావట. బుద్ధుందా? అభ్యర్థి కారు అసలే ఎక్కకు. బయల్దేరేముందు నాకో ఫోన్ కొట్టు. పన్నెండు దాకా మెలకువగానే ఉంటాను.

మామయ్య