దామోదరం సంజీవయ్య: ముఖ్యమంత్రిగా ఆయన ప్రత్యేకత ఏమిటి?

దేశంలో ముఖ్యమంత్రి పదవిని చేపట్టిన తొలి దళిత నాయకుడు దామోదరం సంజీవయ్య. ఆయన 1921లో కర్నూలు జిల్లా పెద్దపాడులో నిరుపేద కుటుంబంలో జన్మించి, పసితనంలోనే తండ్రిని కోల్పోయి, బంధువుల ఆదరణతో చదువుకుని మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1952లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో చేరారు.

1960 జనవరిలో నీలం సంజీవరెడ్డి స్థానంలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యే నాటికి ఆయన వయస్సు నలభై ఏళ్లయినా నిండలేదు. 1962 మార్చి వరకు, అంటే రెండేళ్లకు కొంచెం మించి మాత్రమే పదవిలో ఉన్నా, ఆ స్వల్పకాలంలోనే వృద్ధాప్య పింఛన్లను ప్రవేశపెట్టడం, భూమిలేని పేదలకు బంజరు భూములను పంచడం, అవినీతి నిరోధక శాఖను ఏర్పాటు చేయడం వంటి నిర్ణయాలు తీసుకున్నారు. వీటిలో పింఛన్ల పథకమే అత్యంత దూరదృష్టి గలదని నా అభిప్రాయం. ఏ ఆధారమూ లేని వృద్ధుల పోషణ ప్రభుత్వ బాధ్యతేనని అది ఆనాడే అంగీకరించింది.

అనంతరం ఆయన అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా, కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. రెండవసారి పార్టీ అధ్యక్షుడిగా ఉండగానే 1972 మే నెలలో మరణించారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.