పాత ఫిల్మ్ కెమెరా మీద ఊడిన తోలును సూపర్ గ్లూతో అతికించవచ్చా?

వద్దు, దానికి కాంటాక్ట్ సిమెంట్ లాంటి రబ్బరు జిగురు గానీ, లక్కతో చేసే షెల్లాక్ గానీ వాడండి.

సూపర్ గ్లూ గట్టిపడేటప్పుడు దాని నుంచి ఆవిరి లేస్తుంది. అది గాలిలోని తేమతో కలిసి దగ్గర్లో ఉన్న లెన్స్ మీద, వ్యూఫైండర్ అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. ఇంకో ఇబ్బంది, ఒకసారి పట్టుకుంటే తోలు చిరగకుండా మళ్లీ ఊడదు. చాలా పాత కెమెరాల్లో బాడీ విప్పే స్క్రూలు ఆ తోలు కిందే ఉంటాయి. రేపు షటర్ మొరాయిస్తే ఆ తోలు మళ్లీ తీయాల్సిందే!

ఉదాహరణకు, ముందువైపు తోలు ఒక మూల లేచిందనుకోండి. కింద గట్టిపడ్డ పాత జిగురును చెక్క పుల్లతో మెల్లగా గీకి, దూదికి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. అసిటోన్ జోలికి పోవద్దు, పెయింటు, ప్లాస్టిక్ కరిగిపోతాయి. తర్వాత కాంటాక్ట్ సిమెంట్‌ను అగ్గిపుల్ల కొనతో లోహం మీద, తోలు వెనుక పల్చగా రాయండి. వేలితో తాకితే అంటుకోనంత ఆరాక, అంచులు సరిచూసుకుని గట్టిగా అదమండి. ముందే కలిపేస్తే జిగురు పక్కలకు ఉబికి వస్తుంది.

జిగురు ఎంత బలంగా ఉంటే రిపేరు అంత మంచిదని చాలామంది అనుకుంటారు. తోలు మీద పెద్ద బరువేమీ పడదు, కాబట్టి ఇక్కడ కావాల్సింది అవసరమైనప్పుడు ఊడి వచ్చే పట్టు. లెన్స్ లోపలి గాజు పలకలను అతికించే జిగురు మాత్రం పూర్తిగా వేరు: పాతవాటిలో కెనడా బాల్సమ్ అనే పారదర్శకమైన చెట్టు బంక వాడేవారు. ఆ పనికి ఈ జిగుర్లేవీ పనికిరావు.