ఆర్మీ నుంచి పెన్షన్ వచ్చాక బయట దారి చూపే మనిషిని ఎలా వెతుక్కోవాలి?

తమ్ముడూ, 16 ఏళ్ల సర్వీస్ అయింది, ఆరు నెలల్లో పెన్షన్ మీద వస్తున్నాను, బయట ఎవరూ తెలీదు, ఎవర్ని అడగాలి అని రాశావు. నేనూ అలాగే వచ్చాను. ఆర్మీ బండ్లు, యంత్రాలు రిపేరు చేసే ఈఎమ్ఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా 17 ఏళ్లు చేసి 2014లో హవల్దార్‌గా దిగాను. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊరైతే ఏ ఇంటి తలుపు కొట్టినా ఒక ఫౌజీ ఉంటాడు, మా ఊళ్లో నేనొక్కణ్నే.

యూనిట్‌లో చేరగానే మనల్ని ఒక ఉస్తాద్‌కి అప్పగిస్తారు, నేర్పేదీ తిట్టేదీ ఆయనే. బయట ఎవరూ అప్పగించరు, మనమే వెళ్లి అడగాలి, పిలిస్తే తప్ప నోరు విప్పని అలవాటున్న మనకి అదే అన్నిటికంటే కష్టం. ఎనిమిది నెలలు ఎవర్నీ అడక్కుండా ఇంట్లో కూర్చుని అప్లికేషన్లు పంపాను. ఒక్క ఫోన్ రాలేదు.

నాకు మనిషి దొరికింది సికింద్రాబాద్ తిరుమలగిరిలో, ఆర్మీ క్యాంటీన్ క్యూలో. ముందు నిలబడ్డాయన నాకంటే ఆరేళ్ల ముందు దిగిన సుబేదార్ సాబ్, పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నారు. ఉద్యోగం అడగలేదు. "సాబ్, నా రెజ్యూమే ఒక్కసారి చూస్తారా" అన్నాను, అంతే. టీ కొట్టు బల్ల మీద పరిచి, పెన్ను తీసి సగం కొట్టేశారు. 'అంకితభావంతో దేశసేవ చేశాను' అన్న లైను మీద గీత పడుతుంటే నాకు గుండె కలుక్కుమంది. "అది వాళ్లకి తెలుసు. నీ చేతి కింద ఎన్ని బండ్లు, ఎంతమంది కుర్రాళ్లు, అది రాయి" అన్నారు. వీఓఆర్ అని రాసినచోట సున్నా చుట్టి, 'బండి రిపేరుకి ఆగిన రోజులు' అని రాయించారు. 43 బండ్లు, 9 మంది. తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో మాట మొదలైంది ఆ రెండు అంకెల దగ్గరే.

మనవాళ్ల దగ్గరే ఆగిపోకు. అక్కడ ఎక్కువగా సెక్యూరిటీ ఉద్యోగాలే వినిపిస్తాయి. తక్కువ పని అనడం లేదు, కానీ నీకో ట్రేడ్ ఉంది కదా. ఎక్సెల్‌లో మెయింటెనెన్స్ షెడ్యూల్ వేయడం నాకు నేర్పింది నాకంటే 12 ఏళ్లు చిన్నవాడైన డిప్లొమా కుర్రాడు.

యూనిట్ వదలకముందే, దిగబోయే సైనికులకి బయట పనులు నేర్పించే డీజీఆర్ కోర్సు దొరికితే వదులుకోకు, సర్టిఫికెట్ కంటే అక్కడ పాఠం చెప్పేవాళ్ల ఫోన్ నంబర్లు ఎక్కువ పనికొస్తాయి. ఇంటికి రాగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, మాజీ సైనికులకి ఉద్యోగాలు చూపే ఆర్మీ సంస్థ ఏడబ్ల్యూపీఓలో పేరు రాయించు. బ్యాంకు వైపు మనసుంటే, ప్రభుత్వ బ్యాంకుల గ్రూప్ సి (క్లర్క్ స్థాయి) పోస్టుల్లో మాజీ సైనికులకి 14.5 శాతం రిజర్వేషన్ ఉంది, ఆ పరీక్ష రాసి చేరిన ఫౌజీ ఒకడు ఏదో ఒక బ్రాంచిలో కనిపిస్తాడు, తీరిక చూసి వెళ్లి పలకరించు.

ఇంకొకటి. సహాయం చేసినవాళ్లకి ఏం జరిగిందో ఫోన్ చేసి చెప్పు, పని కాకపోయినా సరే. మొదటి ఇంటర్వ్యూ పోయాక సిగ్గుపడి రెండు నెలలు సాబ్‌కి ఫోన్ చేయలేదు. చేసినప్పుడు ఆయనన్న మాట: "పోయిన నెల మా పక్క ప్లాంట్‌లో ఖాళీ వచ్చింది. నీ సంగతి తెలీక వేరేవాడికి చెప్పాను."